ఫిడేలు చంకలో పెట్టుకుని బాలే: సొంత డాన్స్ కంపోజ్ చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

19 ఏళ్ళు అన్నావు కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఇదీ: వయొలిన్ సుజుకి పద్ధతి పాఠాల్లో 4వ పుస్తకం దాకా వచ్చు, ఐదేళ్ళుగా బాలే నేర్చుకుంటున్నావు, కాలేజీ షోలో మూడు నిమిషాల ఐటమ్ ఇస్తామన్నారు. నువ్వే వాయిస్తూ నువ్వే ఆడాలి, డాన్స్ కూడా నువ్వే కంపోజ్ చేసుకోవాలి. వివాల్ది ఏ మైనర్ కన్సర్టో మొదటి భాగం ఎంచుకున్నావు. పిరువెట్, అంటే ఒంటికాలి మీద చుట్టు, తిరిగేటప్పుడు బో (కమాను) తీగల మీద నుంచి జారిపోతోంది, దాన్నెలా ఆపాలి?

ఆపలేవు. ఆ పిరువెట్ తీసేయి. వీలైతే వివాల్దిని కూడా.

కోపం వచ్చిందేమో, కొంచెం ఓపిక పట్టు, కారణం చెప్తాను. ముందు నేనెవరో చెప్పకపోతే ఈవిడెవరు నాకు చెప్పడానికి అనుకుంటావు. నేను విజయనగరంలో ఫిడేలు నేర్చుకున్నాను, అంటే కర్ణాటక పద్ధతిలో, కింద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి. ఆ పద్ధతిలో ఫిడేలు బరువు చెయ్యి మోయదు, పాదం మోస్తుంది. 28 ఏళ్ళకి న్యూజెర్సీ వచ్చి, తోచక పెద్దవాళ్ళ బాలే బిగినర్ క్లాసులో చేరి, ఒకరోజు సరదాకి నిలబడి వాయించబోతే ఫిడేలు పట్టుకోవడమే రాలేదు నాకు. పదిహేనేళ్ళు వాయించినదాన్ని! గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయించడానికే ఏడాది పట్టింది. ఆ తర్వాత వాయిస్తూ కదలడం మొదలుపెట్టి, చిన్నా పెద్దా కలిపి పన్నెండు పదమూడు ప్రోగ్రాములు ఇచ్చాను. కాబట్టి ఇందులో చేయదగ్గ తప్పులు దాదాపు అన్నీ నేను చేసేశాను, నీకు కొత్తవి వెతుక్కోవాల్సి వస్తుంది.

మొదటి ప్రోగ్రాములో వరసగా ఎనిమిది షెనే టర్నులు, అంటే గొలుసుకట్టు చుట్లు, పెట్టుకున్నాను. ఇంట్లో బాగానే వచ్చేవి. స్టేజీ మీద ఐదో చుట్టులో షోల్డర్ రెస్ట్ (ఫిడేలు భుజం మీద ఆనడానికి కింద తగిలించేది) ఊడి, టకటకమని దొర్లుకుంటూ వెళ్ళి స్టేజీ అంచున ఆగింది. మిగతా ఇరవై బార్లూ (బారంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది) గడ్డంతో ఫిడేలుని నొక్కిపట్టి, మెడ కొయ్యబారిపోయి, ఏదో వాయించాననిపించాను. మా అమ్మాయి మటుకు అదీ డాన్సులో భాగమే అనుకుందట.

సరే, అసలు విషయం. బాలేలో చేతులు అలంకారం కోసం ఉన్నవని చాలామంది అనుకుంటారు, నువ్వు ఐదేళ్ళు చేశావు కాబట్టి నీకు తెలుసు, చేతులు పని చేస్తాయి. పిరువెట్‌కి ఊపు చేతుల నుంచి వస్తుంది, ఆరబెస్క్‌లో ఒంటికాలి మీద నిలబడితే తూకం చేతులు పట్టి ఉంచుతాయి, గెంతేటప్పుడు ఎత్తు కూడా కొంత చేతులే ఇస్తాయి. వయొలిన్ పట్టుకున్న క్షణాన ఈ రెండు చేతులూ పోయాయి. మెడ కూడా సగం పోయింది, గడ్డం ఆనించాలి కాబట్టి తల ఎడమవైపుకే ఉంటుంది, స్పాటింగ్, అంటే తిరిగేటప్పుడు చూపు ఒకచోటే ఆపి తలని చివర్న ఒక్కసారిగా విసరడం, అది కుదరదు. ఇప్పుడు నీ దగ్గర మిగిలింది నడుము, వెన్ను, కాళ్ళు. చేతులతో చేయడానికి అల్లిన అడుగుల్ని చేతులు లేకుండా చేయాలని చూస్తున్నావు, అందుకే బో జారుతోంది. లోపం నీ ప్రాక్టీసులో లేదు.

ఇక్కడ నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి ఒకటుంది. మొదటి రెండేళ్ళూ నేను కుడిచేతిని ఇరుక్కుపోయిన చెయ్యి అనుకునేదాన్ని. ఒకసారి ఊరికే వాయిస్తున్న వీడియో శబ్దం తీసేసి చూశాను. బో కిందికి లాగినప్పుడు కుడిచెయ్యి ఛాతీ ముందు నుంచి పక్కకి తెరుచుకుంటోంది, పైకి తోసినప్పుడు మళ్ళీ ముడుచుకుంటోంది. మోచెయ్యి ముందు, మణికట్టు తర్వాత, వేళ్ళు చివర. బాలే టీచర్ ఏళ్ళ తరబడి నా చేత చేయించాలని చూసిన పోర్ ద బ్రా, అంటే చేతులు కదిపే తీరు, అదే కదా! ఫిడేలు మాస్టారు పదేళ్ళప్పుడే నేర్పేశారన్నమాట. అప్పటినుంచి నేను అడుగులు బో చూసి కట్టుకుంటాను. పాట వింటూ అడుగు ఆలోచించను, బో ఎటు పోతోందో చూసి ఒంటిని అటు పంపిస్తాను.

కొంచెం దగ్గర నుంచి చూపిస్తా. మూడు బీట్ల వాల్ట్జ్ ఏదైనా తీసుకో, బారుకి ఒక బో. మొదటి బారు డౌన్ బో, రెండోది అప్ బో. ఇప్పుడు మొదటి బారులో కుడివైపుకి బాలాన్సే వెయ్యి: ఒకటికి కుడికాలి మీద మోకాలు వంచి దిగు, రెండుకి వెనక ఎడమ పాదం ముని మీద లే, మూడుకి కుడికాలి మీదకి మళ్ళీ దిగు. నీ ఒళ్ళు కుడికి వెళ్తోంది, బో పట్టుకున్న చెయ్యి కూడా కుడికే వెళ్తోంది. రెండో బారులో అప్ బో, ఎడమకి బాలాన్సే, చెయ్యీ ఒళ్ళూ రెండూ ఎడమకి. రెండూ ఒకే వైపు పోతున్నప్పుడు బో ఎంత నిలకడగా ఉంటుందో, చూసేవాళ్ళకి ఆ చెయ్యి ఎంత పొడుగ్గా కనిపిస్తుందో వాయించి చూస్తే గానీ నమ్మవు. ఇప్పుడు కావాలని తిప్పి చెయ్యి, డౌన్ బోకి ఎడమకి వెళ్ళు. చెయ్యి ఒకవైపు, ఒళ్ళు ఇంకోవైపు, బో వంకర తిరిగి కీచుమంటుంది. నువ్వు రాసుకున్న వివాల్ది డాన్సులో ఇలాంటి ఎదురు అడుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకో.

మూడు, నాలుగు బార్లు మొదటి రెండింటిలాగే. అయిదు, ఆరు బార్లలో ఒక పొడుగు స్వరం పెట్టు, ఎడమకాలి మీద నిలబడి కుడికాలితో నేల మీద నెమ్మదిగా రాన్ ద జాంబ్, అంతే. కాలు అర్ధచంద్రం గీస్తుంటే బో సూటిగా గీత గీస్తుంది. ఏడో బారు బూరే, మునివేళ్ళ మీద చిన్న చిన్న అడుగులతో జరగడం. ఎనిమిదిలో నాలుగో పొజిషన్‌లో (ఒక పాదం ముందు, ఒకటి వెనక) ప్లియే, అంటే మోకాళ్ళు వంచడం, స్వరం ముగిశాక బో తీగ మీద నుంచి ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పి మళ్ళీ మొదలుకి తెచ్చుకో. వయొలిన్ వాళ్ళు రోజుకి వందసార్లు చేసే పని ఇది. ఆ ఒక్క క్షణం నీ కుడిచెయ్యి ఎవరి సొత్తూ కాదు. దాన్ని తొందరగా ముగించకు, సెకండ్ పొజిషన్ దాకా, అంటే పూర్తిగా పక్కకి, తెరువు, చూపు కూడా బో కొన వెంట పంపు. మొత్తం ఎనిమిది బార్లలో జనానికి గుర్తుండేది ఇదే.

ఈ ఆలోచన నేను కనిపెట్టింది కాదులే. యూరప్‌లో 17, 18 శతాబ్దాల్లో డాన్స్ మాస్టార్లు కోటు జేబులో పట్టే సన్నటి చిట్టి వయొలిన్ పెట్టుకు తిరిగేవాళ్ళు, దాన్ని పోషెట్ అంటారు, అంటే జేబు అనే. శిష్యుడికి పాటా వాళ్ళే వాయించాలి, అడుగూ వాళ్ళే చూపించాలి. 19వ శతాబ్దంలో పారిస్‌లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బాలే రిహార్సల్స్ కూడా పియానోతో కాకుండా వయొలిన్లతోనే జరిగేవి. ఆర్థర్ సాంలియాన్ అని ఒకాయన ఉన్నాడు, 1870లో కొపేలియా బాలేకి డాన్స్ కంపోజ్ చేసినాయన. ఆయన వయొలినిస్టూ, డాన్సరూ. 1849లో పారిస్ ఒపేరాలో దయ్యం వయొలిన్ కథతో బాలే కట్టి, అందులో తనే ఆడాడు, స్టేజీ మీద తనే వయొలిన్ వాయించాడు. 1852లో డాన్స్ రాసుకునే లిపి కూడా ఒకటి అచ్చు వేశాడు, సంగీతం గీతల పైన మనిషి బొమ్మలు గీసి. ఈ లిపి సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే బుర్రకథ. కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేళ్ళకి అందెలు తగిలించుకుని, కథ చెప్తూ, పాడుతూ అడుగులు వేస్తాడు. ఎప్పుడైనా కాళ్ళు మాత్రమే చూశావా? ముందుకి నాలుగు, వెనక్కి నాలుగు, ఒక చుట్టు, అంతే. నోటికి పని ఎక్కువున్నప్పుడు కాళ్ళు మామూలు అడుగులో ఉంటాయి, పాదం ముగిసి వంతలు అందుకోగానే కాళ్ళు చెలరేగుతాయి. చిన్నప్పుడు మా ఊళ్ళో సంక్రాంతికి వంద సార్లు చూసి కూడా ఈ లెక్క నాకు అర్థం కాలేదు, అమెరికాలో బాలే టైట్స్ వేసుకున్నాక అర్థమైంది.

ఇప్పుడు వివాల్ది సంగతి. అది నీకు వచ్చు, కాదనను. కూర్చుంటే వచ్చు, నిలబడితే వచ్చు. కదులుతూ వాయించేటప్పుడు నీ స్థాయి ఒక్కసారిగా రెండు మూడేళ్ళు వెనక్కి పడిపోతుంది, ఎవరికైనా అంతే. గబగబా తీగలు మారే చోట్ల కుడి మోచెయ్యి ఎత్తులు మారుతుంటాయి, వాటి మీద కాళ్ళ కుదుపు కూడా పడితే పక్క తీగ తగులుతుంది. కాబట్టి నిద్రలో లేపినా వాయించగలిగే ముక్క తీసుకో. నీ రెండో పుస్తకంలోనే బ్రామ్స్ వాల్ట్జ్ ఉంది కదా, 1865లో ఆయన నాలుగు చేతుల పియానోకి రాసింది. నెమ్మదైనది, మూడు బీట్లది, నీకు తిండి తింటూ కూడా వచ్చు. లేదా మొదటి పుస్తకం చివర్న ఉన్న గాసెక్ గవోత్. గవోత్ అంటే డాన్సు పేరే, కానీ అది బారు మధ్యలో ఎత్తుకుంటుంది, మన దగ్గర తాళం మధ్యలో పల్లవి ఎత్తుకున్నట్టు. డాన్సర్ ఒకటి అనుకునేది ఒకచోట, సంగీతంలో ఒకటి ఇంకోచోట. మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు. చిన్నపిల్లల పాట వాయిస్తోందని నవ్వుతారేమో అని నీకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. ఎవరూ నవ్వరు. ఒంటికాలి మీద నిలబడి శ్రుతి తప్పకుండా వాయించిన తేలిక పాట ముందు, ఊగుతూ కీచుమనే వివాల్ది నిలబడదు.

లెక్క వేద్దాం. నిమిషానికి 96 బీట్లు పెట్టుకుంటే మూడు బీట్ల చొప్పున 32 బార్లు, ఎనిమిది బార్ల ముక్క సరిగ్గా 15 సెకన్లు. మూడు నిమిషాలకి అలాంటివి 12. ఈ పన్నెండింటిలోనూ వాయిస్తూ ఆడాలని ఎవరన్నారు? కొత్తవాళ్ళు అందరూ చేసే తప్పు ఇదే, మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా రెండూ చేయాలనుకోవడం. అలా చేస్తే రెండో నిమిషానికి చూసేవాళ్ళకి అలవాటైపోతుంది, ఆహా అనడం మానేస్తారు. నేనైతే మొదటి రెండు ముక్కలు కదలకుండా నిలబడి వాయిస్తాను. అసలు కదలను. జనం ఇది ఉత్త వయొలిన్ ఐటమ్ అనుకోవాలి. మూడో ముక్కలో ఒక్క పాదం జరుగుతుంది. మధ్యలో ఒకటి రెండు ముక్కలు వయొలిన్ కుడి చంక కిందికి దించేసి, నిశ్శబ్దంలో డాన్స్, పాదాల చప్పుడు మాత్రమే వినపడుతుంది, ఎడమచెయ్యి అప్పుడు ఖాళీ కాబట్టి నువ్వు ఇంతసేపూ దాచుకున్న పోర్ ద బ్రా అక్కడ ఖర్చుపెట్టు. సంగీతం ఆగినా జనం తలలో పాట నడుస్తూనే ఉంటుంది, రెండు ముక్కలు విన్నారు కదా. మిగిలినవాటిలో వాయిస్తూ ఆడు.

ఈ వినడం, ఆడడం విడదీయడం పెద్దవాళ్ళు కూడా చేశారు. బాలన్షిన్ అని పెద్ద కొరియోగ్రాఫర్, ఆయన స్వయంగా పియానో వాయించేవాడు, 1972లో స్ట్రావిన్‌స్కీ సంగీతానికి న్యూయార్క్ సిటీ బాలేలో డ్యుయో కన్సర్టాంట్ చేశాడు. పియానో, వయొలిన్ స్టేజీ మీదే ఉంటాయి. డాన్సర్లిద్దరూ మొదట్లో పియానో పక్కన నిలబడి వింటారు, ఊరికే వింటారు. 1994లో జెరోమ్ రాబిన్స్ అనే కొరియోగ్రాఫర్ బరిష్నికోవ్ అనే డాన్సర్ కోసం చేసిన సోలోలో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) వాయించే ఒకరు స్టేజీ మీదే కూర్చుంటారు, డాన్సర్ ఆ ఒక్కరితో కబుర్లాడుతున్నట్టే ఆడతాడు. నీకు ఆ ఇద్దరి పనీ ఒక్కదానివే చేసే అవకాశం ఉంది. పైగా ఇంకో లాభం, రికార్డు పాటకి ఆడేవాళ్ళకి ఎప్పటికీ దొరకనిది: కాలం నీ చేతిలో ఉంది. కాలు వణికితే స్వరాన్ని ఇంకో అరసెకను సాగదియ్యి, ఎవరికీ తెలీదు, ఎంత భావంతో వాయించింది అనుకుంటారు.

ఏ అడుగులు పనికొస్తాయి, ఏవి రావు అన్నావు. బూరే అన్నిటికంటే మంచిది, నడుము పైన నీళ్ళ బిందె ఉన్నంత కదలకుండా జరిగిపోవచ్చు. బాలాన్సే, షాసే, గ్లిసాద్, తోంబే తర్వాత పా ద బూరే, ఇవన్నీ నేలని పెద్దగా వదలని అడుగులు, హాయిగా నడుస్తాయి. ప్లియే నీ షాక్ అబ్సార్బర్, పొడుగు బో ఎక్కడుంటే అక్కడ మోకాలు మెత్తగా ఉండాలి, మోకాలు బిగిసిందంటే ఆ వణుకు నేరుగా బోలోకి వెళ్తుంది. ఆరబెస్క్ చెయ్యొచ్చు, కానీ 45 డిగ్రీల దగ్గర ఆపు, కాలు పైకి పోయేకొద్దీ ఒళ్ళు ముందుకి వంగుతుంది, వయొలిన్ వాలుతుంది, బో తన బరువుతో తీగ మీద కూర్చునేది కాస్తా పక్కకి జారుతుంది. కాలు ఇంకా పైకి లేపి ఒళ్ళు కిందికి వంచే పాంషే జోలికి వెళ్ళకు. వెనక్కి కాంబ్రే చూడ్డానికి ప్రాణం పోయేంత అందంగా ఉంటుంది, అదే కారణానికి కష్టం కూడా, కొద్దిగా వంగు చాలు. గెంతులు పెట్టుకుంటే చిన్నవి, అదీ బో ఎగిరెగిరి పడే చోట, ఎలాగూ బౌన్స్ కావాల్సిన వాయింపు (స్పికాటో) ఉన్నచోట, బో మధ్యకి కాస్త కిందుగా వాయిస్తూ. పొడుగు స్వరం మధ్యలో గెంతితే దిగినప్పుడు ఎక్కిళ్ళు వచ్చినట్టు వినిపిస్తుంది. టర్నుల్లో సూతెనూ ఒకటి చాలు, రెండు కాళ్ళ మీద ఉంటావు, నెమ్మదిగా తిరగొచ్చు. నాకైతే ఎడమవైపు తిరగడం సులువు, తల అప్పటికే అటే ఉంటుంది కదా. పిరువెట్ మీద అంత ప్రేముంటే వయొలిన్ దించిన ఆ నిశ్శబ్దంలో చేసుకో, ఎవరొద్దన్నారు. కాలి వేళ్ళ కొన మీద నిలబడే పాయింట్ షూస్ మటుకు వద్దు, మెత్తటి చెప్పులే వేసుకో. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుంటే నీ పాదాలు నీకు కనపడవు, పైగా పడితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

రాసుకోవడం గురించి. డాన్సర్లు ఎనిమిదులు లెక్కపెడతారు, సంగీతం వాళ్ళు బార్లు లెక్కపెడతారు, నువ్వు రెండూ కాబట్టి రెండు లెక్కలూ నీ తలలోనే కొట్టుకుంటాయి. దీనికి మందు కాగితం. పాట నోట్స్ పెద్దగా ప్రింట్ తీసి, ప్రతి వరుస పైనా ఖాళీ వదులు, అక్కడ బో గుర్తు, దాని పైన అడుగు, సాంలియాన్ లాగే పుల్లల బొమ్మలు గీసుకో. నేను కాళ్ళకి ఎర్ర పెన్ను, ఊపిరికి నీలం. అవును, ఊపిరి కూడా రాసుకో. కష్టమైన చోట ఊపిరి బిగబట్టడం మనకి అలవాటు, రెండున్నర నిమిషాలకి చేతులు వణకడం మొదలవుతుంది, అదంతా టెన్షన్ అనుకుంటాం, సగం గాలి అందకే.

ప్రాక్టీసు వరస నేను చేయించేది చెప్తా. ముందు పాట ఎంత వంటబట్టాలంటే, వాయిస్తూ ఇల్లంతా నడవాలి, ఎవరైనా నువ్వేం తిన్నావని అడిగితే ఆపకుండా జవాబు చెప్పాలి. అది రాకుండా అడుగుల జోలికి వెళ్ళకు, చాలామంది ఇక్కడే తొందరపడి తర్వాత నెల రోజులు ఏడుస్తారు. ఇంకోపక్క వయొలిన్ లేకుండా, చేతులు రెండూ నడుముకి కట్టేసుకున్నట్టు పెట్టుకుని, పాట నోటితో పాడుకుంటూ అడుగులు. ఆ తర్వాత వయొలిన్ గడ్డం కింద, బో లేకుండా. ఆ తర్వాత బోతో, కానీ ఖాళీ తీగ మీద ఒక్కటే స్వరం, అడుగులు మొత్తం. ఈ మెట్టు విసుగ్గా ఉంటుంది, దీన్ని మాత్రం వదలకు, నీ కాళ్ళు నీ బోని ఏంచేస్తున్నాయో ఇక్కడే వినపడుతుంది. అప్పుడు అసలు పాట, నాలుగేసి బార్లు, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) 60 దగ్గర. వారానికి కాస్త పెంచుకుంటూ 96కి రా. ఒక్కో విడత ఇరవై నిమిషాలు దాటించకు, ఎడమ మెడా దవడా పట్టేస్తాయి. ఖరీదైన వయొలిన్‌తో ఇది చేయకు, ఎక్కడైనా పాతది సంపాదించు. బో కార్బన్ ఫైబర్‌దైతే గోడకి తగిలినా బతుకుతుంది. మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఇండియాలో ఉంటే ఇంకో కథ చెప్పేదాన్ని.

స్టేజీ మీద దిక్కు ముఖ్యం. వయొలిన్ పై పలక, సౌండ్ బయటికొచ్చే ఎఫ్ రంధ్రాలు, జనం వైపుకి ఉండాలి, అంటే నీ కుడి భుజం వాళ్ళ వైపు. కాబట్టి మూలగా నడిచే వరస ఏదైనా ఉంటే నీ కుడిచేతి వెనక మూల నుంచి ఎడమచేతి ముందు మూలకి రా. ఎదురు మూల నుంచి వస్తే జనానికి నీ వయొలిన్ వీపు, నీ ఎడమ మోచెయ్యి కనిపిస్తాయి, సౌండ్ పక్క తెరలకి పోతుంది. తిరిగి వెనక మూలకి వెళ్ళేటప్పుడు వాయించకుండా వెళ్ళు. మైక్ అయితే వయొలిన్‌కి తగిలించే చిన్న క్లిప్ మైక్ అడుగు, దాని డబ్బా నడుము వెనక కట్టుకుంటే కాంబ్రేలో గుచ్చుకుంటుంది, పక్కకి కట్టుకో. షోల్డర్ రెస్ట్‌కి రబ్బర్ బ్యాండ్లు రెండు వెయ్యి, ఎందుకో పైన చెప్పాను. జుట్టు ముడి, మెడలో గొలుసు వద్దు, వదులు చేతుల జాకెట్టు అస్సలు వద్దు.

రోజిన్ ఒకటుంది. బోకి రాసే రోజిన్, డాన్సర్లు చెప్పు అడుగున జారకుండా రుద్దుకునే రోజిన్, రెండూ పైన్ చెట్టు జిగురే. అలాగని స్టేజీ మీద బోకి రాసుకోకు, వినైల్ నేల మీద ఆ పొడి పడ్డచోట పాదం అతుక్కుంటుంది, పక్కడుగులో జారుతుంది, తర్వాత ఐటమ్ పిల్లలు పడితే తిట్లు నీకే. గ్రీన్ రూములో రాసుకుని, దులిపి రా.

నీ ఫ్రెండ్ ఫ్లూట్‌తో ఇదే చేయొచ్చా అని అడిగావు. చేయొచ్చు, వేళ్ళు తేలికగా ఉంటాయి, కానీ కాళ్ళూ పాటా ఒకే ఊపిరి కోసం కొట్లాడుకుంటాయి. నెమ్మది పాట, ఎక్కువ విరామాలు, గెంతులు సున్నా. యూట్యూబ్ వీడియోలు చూసి మేమూ చేస్తామంటారేమో, మ్యూజిక్ వీడియోల్లో ఆడియో విడిగా రికార్డు చేసి పెడతారని గుర్తుచెయ్యి.

మొదటి ఎనిమిది బార్లు కుదిరాక నాకు పంపు, చూసి చెప్తాను. వీడియో వద్దు. కదులుతూనే వాయించు, ఆడియో మాత్రం పంపు. అది విన్నప్పుడు నువ్వు కుర్చీలో కూర్చుని వాయించావని నాకు అనిపిస్తే, అప్పుడు వీడియో అడుగుతా.